మడతల్లి ఆటుపోటుల వ్రతము

పూర్వము సముద్రతీరమున తపము చేసికొనుచున్న ఉదకమునిని దర్భముని దర్శించి, నమస్కరించి, "మహాత్మా! భూమి వేడెక్కుచున్నది. కడలి ఏటేటా ఒడ్డును కొరుకుచున్నది. మనుజులు తమ మేలు వేరనియు నేల మేలు వేరనియు తలచి రెంటిని చెరుపుకొనుచున్నారు. ఒక్క పూజతో ఇంటికిని నేలకును మేలు కూర్చు వ్రతమేదైన కలదా?" అని అడిగెను. ఉదకముని మిక్కిలి సంతోషించి, "కలదు. దానిని మడతల్లి వ్రతమందురు. చెప్పెద వినుము" అని ఇట్లు చెప్పసాగెను.

ఏరు సముద్రమున కలియుచోట చినమొగ అను పల్లె కలదు. ఊరికిని సముద్రమునకును నడుమ మడ అడవి దట్టముగా పెరిగి, గాలిని ఆపుచు, పీతలకును చేపపిల్లలకును పురిటిల్లై యుండెను. అందు మడతల్లి కొలువుండెను. కొంతకాలమునకు ఊరివారు రొయ్యల లాభమునకు ఆశపడి, తల్లితో మాటమాత్రమైన చెప్పక అడవిని నరికి చెరువులు త్రవ్విరి. మొదట పాకలు మేడలాయెను. పిమ్మట తల్లికి కోపము వచ్చెను. రొయ్యలకు తెగులు సోకెను. తుపాను పడవలనెత్తి ఇండ్లపై విసరెను. మంచినీటి బావి ఉప్పనాయెను. పెద్దలు కూడి, ఇక ఊరు విడిచి మెరకకు పోవుటయే మేలని తీర్మానించిరి.

సరిగా అప్పుడే నూకరత్నమను పిల్ల, ఎల్లాజీ అను జాలరిని పెండ్లాడి ఆ ఊరికి కాపురమునకు వచ్చెను. ఆమెకు అన్నియు సంబరమే. తానే సున్నము కొట్టిన ఒంటిగది, కిటికీలోనుండి వచ్చు ఉప్పుగాలి, వలలో పడగా మగడు ఏరి తెచ్చిన గవ్వ, ఇద్దరును ఒకే పళ్లెములో తిను చద్దన్నము, ఇవి తలచుకొని తనలో తానే నవ్వుకొనెడిది. అట్టి ఇల్లు విడువవలయునని విని కన్నీరు పెట్టుకొనెను.

ఒకనాటి మిట్టమధ్యాహ్నము మడతల్లి ముసలిదాని రూపమున గుమ్మము ముందు నిలిచి దాహమడిగెను. దూరమునుండి మోసి తెచ్చిన తియ్యని నీరు కడవలో అడుగంటి యుండెను. నూకరత్నము ఆ నీరంతయు ఆమెకు పోసెను. అత్త పైడమ్మ లోపలినుండి, "బాగుందే కోడలా, మనం సముద్రం తాగుదాం!" అని దెప్పెను. ముసలిది కడుపునిండ త్రాగి, సంతసించి, వ్రతవిధానము చెప్పెను. శ్రావణమున ఆటుకు నీరు వెనుకకు తీసినవేళ దంపతులు ఒట్టికాళ్లతో బురదలో దిగి, పసుపు పూసిన మడ మొలకలను నాటి, అటుకులు బెల్లము నివేదించి, ఆటుపోటులకు అడ్డు పెట్టక వాటిని కాచుకొనవలెనని పలికి అదృశ్యమాయెను.

ఎల్లాజీ ఈ మాట విని, "నాలుగు పుల్లలు గుచ్చితే సముద్రం దడుసుకుని పారిపోద్దేంటే?" అని నవ్వెను.

"దాన్నెవరు పారిపొమ్మన్నారు? మనం పారిపోకుండా ఉంటే చాలు. దిగు బావా!" అనెను నూకరత్నము.

అతడు దిగెను. ఆమె బురదలో కూలబడగా అతడు లేవనెత్తబోయి తానును కూలబడెను. అట్లు నవ్వుకొనుచునే, తుపానుకు గట్లు కొట్టుకొనిపోయి పాడుబడిన చెరువు నిండ మొలకలు నాటిరి. మరుసటి శ్రావణమునకు అవి బ్రతికియున్నచో ఊరు కదలదని పెద్దలు మాట ఇచ్చిరి.

ఎల్లాజీకి భార్యపై ప్రేమ మెండు. పోటునీరు మొలకలను లాగికొనిపోవునేమోయని భయపడి, రొయ్యల చెరువులకు వేసిన అలవాటుచొప్పున చుట్టును ఎత్తైన గట్టు వేసెను. నూకరత్నము తల్లి చెప్పిన నియమము మరచి, మగని పనితనమునకు మురిసి, ఆ గట్టుమీద ముగ్గు పెట్టెను. లోపలి నీరు కదలక మురిగెను. మొలకలన్నియు కుళ్లిపోయెను. ఊరివారు మూటలు కట్టసాగిరి. పైడమ్మ, "పూజ చేశారా, ఊరగాయ పెట్టారా?" అని ఎత్తిపొడిచెను.

నూకరత్నము ఏడ్చుచు గట్టెక్కి చూడగా, వెలుపల బురదలో, నాటిననాడు బుట్టనుండి జారిపడిన మొలక యొకటి కనబడెను. ఎవరును కాపాడకున్నను, పోటు మీదికి వచ్చి పోవుచున్నను, అది ఆకులు తొడిగి నిలిచియుండెను. అప్పుడామెకు తప్పు తెలిసెను. పరుగున పోయి, "బావా, గట్టు తెగ్గొట్టు!" అనెను.

"నడుం విరగ్గొట్టుకుని వేశానే!"

"అమ్మని లోపలెట్టి తలుపేశాం బావా. ఊపిరెలా ఆడుద్ది?"

ఎల్లాజీ గునపము తీసికొని గట్టు తెగగొట్టెను. పోటునీరు గలగల లోనికి వచ్చెను. దంపతులు చెంపలు వేసికొని, క్షమింపుమని వేడి, మరల నాటిరి. పెద్దలు మాత్రము గడువు చాలదనిరి. అప్పుడు పైడమ్మ కొంగు బిగించి వారి నడుమకు పోయి, "నా కోడలు కదలనంది. దాన్ని వదిలి నేనూ కదలను. ఎక్కండి మీ బళ్లు!" అనెను. పెద్దలు సిగ్గుపడి ఇంకొక యేడు ఆగిరి.

ఆ యేడు మొలకలు చిగిర్చెను. అది చూచి తక్కినవారును తమ చెరువుల గట్లు తెగగొట్టి వ్రతము చేసిరి. ఏండ్లు గడువగా అడవి పెరిగెను. పీతలు మరలి వచ్చెను. వానలకు బావి నీరు క్రమముగా తియ్యనాయెను. ఒక కార్తికమున పెనుతుపాను విరుచుకుపడగా, సముద్రము ఊరిమీదికి లేచి వచ్చి, మడవేళ్లలో చిక్కి, బలముడిగి, వచ్చిన దారినే మరలిపోయెను. తెల్లవారి నూకరత్నము కిటికీ తెరచి, ఎప్పటి ఉప్పుగాలియే ముఖమునకు తగులగా, మగని లేపి పకపక నవ్వెను.

కావున దర్భమునీ! కొత్తగా కాపురము పెట్టువారు, అడవి నరికినవారు, బావి ఉప్పనైనవారు, ఇక మన చేతిలో ఏమియు లేదని దిగులుపడువారు ఈ వ్రతమును తప్పక చేయవలెను. కడలి లేనిచోట వాగు ఒడ్డున ఆ నేల మొక్కనే నాటవలెను. ఒంటరివారు ఇరుగుపొరుగును పిలుచుకొని చేయవచ్చును. చేసినవారికి అన్నము, ఆరోగ్యము, మంచినీరు, పిల్లలకు నీడ కలుగును. మంత్రము తప్పినను తల్లి క్షమించును. నీటికి అడ్డుపడినచో క్షమింపదు. ఈ కథ విన్నవారు అక్షతలు మొలకలపై చల్లి, కాళ్ల బురదతోనే ప్రసాదము పుచ్చుకొని, తాము విడువనక్కరలేని ఇంటికి సంతోషముగా పోవుదురు గాక.