సింహాసనానికి మాచన కొలత

ఒకానొక రాజ్యంలో, విరోధికృత్ నామ సంవత్సరం ఆషాఢ శుద్ధ దశమి నాడు, పొద్దు నడినెత్తికి రాకముందే, రాయసం మాచన అనే ముసలి లేఖకుడికి అన్యాయం జరిగింది. చేసినవాడు రాజు. పక్కన నిలబడి చేయించినవాడు మంత్రి. మూలకారణం మాత్రం ఒక కుర్చీ.

ఆ రాజ్యం పేరు పైడికొండ. అక్కడ చెమ్మ ఎక్కువ, చెదలు అంతకన్నా ఎక్కువ. రాత్రి నేలమీద మరిచిపోయిన తాటాకు తెల్లారేసరికి మట్టి. అందుకని రాయసశాలలో లేఖకులు అన్ని ఊళ్ళలోలా నేలమీద కూర్చుని రాయరు. ఎత్తు బల్లల మీద ఆకులు పెట్టుకుని, కుర్చీలెక్కి, పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా గంటం కదుపుతూనే ఉంటారు.

రాజు గజకేసరి భూపతి బాగా పొడగరి. గుమ్మాలన్నీ ఆయన కోసం ఎత్తు పెంచారు. ఆ పొడుగును పొగిడి పొట్ట పోసుకునేవాడు మంత్రి సోమయామాత్యుడు. పొగడటానికి కొత్త సంగతేదీ దొరకని ఒక ఏడాది ఆయన ఒక శాసనం పుట్టించాడు. రాజ్యంలో కొలువు చేసే ప్రతివాడూ ప్రభువుల కొలతకు చేసిన కుర్చీలోనే కూర్చోవాలి. 'ప్రభువుల కొలతకూ ప్రజల కొలతకూ భేదం లేదు' అని రాతి మీద చెక్కించి, వడ్రంగిసాల గుమ్మం పక్కనే పాతించాడు. కొలతలో భేదం లేదట! భోజనంలో కూడా లేదని చెక్కించి ఉంటే కొంత బాగుండేది.

ఇంకేముంది, రాయసశాలలో నలభై ఒక్క కుర్చీలు రాజుగారి మోకాలెత్తున లేచాయి. ఎక్కిన లేఖకుల కాళ్ళు గోడెక్కిన పిల్లల కాళ్ళలా గాల్లో వేలాడేవి. పీట అంచు తొడల కింద కోసుకుపోయేది. వీపు ఆనించుదామంటే అక్కడ రాజముద్ర, సింహం మొహం. దాని ముక్కు బెత్తెడు ముందుకు పొడుచుకొచ్చి, సరిగ్గా వెన్నుపూస మీద గుచ్చుకునేది.

ఆషాఢ దశమి నాడు మంత్రి తాను రాసిన 'గజకేసరి విజయం' అనే నూటెనిమిది పద్యాల పొగడ్తను రాజుగారి ఎదుట చదువుతుంటే, మాచన రాసుకుంటున్నాడు. అది చదువుతున్నంతసేపూ, మంగళం పాడేదాకా, ఎవరూ లేవకూడదని ఆచారం. మాచన అరవై మూడో పద్యం దాకా ఓర్చుకున్నాడు. ఆపైన కాళ్ళున్నాయో లేవో తెలియక, చూసుకుందామని లేచాడు. తిమ్మిరెక్కిన కాళ్ళు ఒప్పుకోలేదు. వెళ్ళి వెళ్ళి మంత్రిగారి జరీ ఉత్తరీయం మీద పడ్డాడు.

"ఎందుకు లేచావు?" అన్నాడు రాజు.

"కాళ్ళు తిమ్మిరెక్కాయి, మహాప్రభో. కుర్చీ కాస్త ఎత్తు..."

"కుర్చీ ఎత్తా! ఏలినవారి కొలతనే తప్పు పడుతున్నాడు" అన్నాడు మంత్రి, ఉత్తరీయం దులుపుకుంటూ.

"కూర్చోవడం కూడా ఒక కష్టమేనా?" రాజుకు నిజంగానే ఆశ్చర్యం వేసింది. "మేము పుట్టిన దగ్గర్నుంచీ కూర్చునే ఉన్నాం!"

ముప్ఫై ఒక్క ఏళ్ళ కొలువు ఒక్క మాటతో ఊడింది. విజయదశమి దర్బారు కాగానే మాచన ఇల్లు ఖాళీ చేసి, కోట దాటి వెళ్ళిపోవాలని ఆజ్ఞ అయింది. అరవై ఏళ్ళ వయసులో ఎక్కడికి వెళతాడనేది ఆజ్ఞలో రాయలేదు.

ఈ సంగతి వినగానే చేతిలో బాడిశ కింద పెట్టి లేచింది వడ్ల సూరక్క. రాజుగారి వడ్రంగిసాలకు పెద్ద ఆమే. మొగుడు పోయిన మర్నాడే అతని పనిముట్లు చేతికి తీసుకుంది. 'ఆడదానికి ఉలేమిటి' అన్నవాళ్ళ ఇళ్ళలో తలుపులు ఇవాళ ఆమె బిగించినవే. ఆమెకు చదువూ వచ్చు. రాత తప్పి పారేసిన తాటాకుల్ని మాచన ఏరి ఏరి తెచ్చి ఇచ్చేవాడు. ఆ తప్పుల మీదే ఆమె అక్షరాలు దిద్దుకుంది. ఆ సంగతి వాళ్ళిద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

సూరక్క వెళ్ళేసరికి మాచన గంటాలు మూట కట్టుకుంటున్నాడు.

"ఆ మూట అక్కడ పెట్టి కూర్చో, అన్నా."

"ఎందుకమ్మా?"

"కొలత తీసుకోవాలి."

"అప్పుడే పాడె కట్టేస్తావా, సూరక్కా?"

"పాడెకైతే పడుకోబెట్టి కొలుస్తాను. కూర్చోమన్నానంటే బతికే పనే. కాళ్ళు నేలకు ఆనించు."

మడమ నుంచి మోకాలి దాకా, మోకాలి నుంచి నడుము దాకా, నడుము నుంచి మోచేతి దాకా పురికొసతో కొలిచి ముడులు వేసుకుంది. ఎందుకో చెప్పలేదు. మాచన అడిగినా, "తెలిస్తే భయపడతావు, భయపడితే అందరికీ తెలుస్తుంది" అని ఊరుకుంది.

విజయదశమి దర్బారుకు కొత్త సింహాసనం చేయమని సాలకు అప్పటికే ఉత్తరువు వచ్చి ఉంది. సూరక్క తిన్నగా మంత్రి దగ్గరికి వెళ్ళింది.

"అయ్యగారూ, సింహాసనం ఎవరి కొలతకు చేయమంటారు?"

మంత్రి పగలబడి నవ్వాడు. "నీ సాల గుమ్మం పక్కనే శాసనం ఉంది గదటే! చదువుకో. ఓహో, నీకు చదువెక్కడిది! అందులో ఏముందో నేనే చెబుతా, విను. ప్రభువుల కొలతకూ ప్రజల కొలతకూ భేదం లేదు."

"భేదం లేదా, అయ్యగారూ?"

"ఆవగింజంత లేదు. పో, ఆ శాసనం ప్రకారం చెయ్యి."

"అలాగే. మీ మాట జవదాటను" అని దణ్ణం పెట్టి వచ్చేసింది. జవదాటలేదు కూడా.

మూడు నెలలకు సింహాసనం తయారైంది. బంగారు రేకు, దంతపు పువ్వులు, వీపు వైపు ముక్కు సాచిన సింహం. మెట్ల దిమ్మె మీద పెట్టేసరికి కొండ మీద గోపురంలా కనిపించింది. మంత్రి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. రేకు గీకి చూశాడు, పువ్వులు లెక్కపెట్టాడు. కూర్చుని మాత్రం చూడలేదు. సింహాసనం మీద రాజు తప్ప మరొకరు కూర్చోవడం నేరం. ఆ రాజ్యంలో కుర్చీ ఎలా ఉందో చెప్పేది ఎప్పుడూ నిలబడ్డవాళ్ళే.

విజయదశమి నాడు కొలువు కిటకిటలాడింది. ఊరు విడిచే ముందు ఆఖరిసారి దణ్ణం పెట్టుకోవాలని మాచన కూడా వచ్చి స్తంభం పక్కన నిలబడ్డాడు. మూట కాళ్ళ దగ్గరే ఉంది.

రాజు మెట్లెక్కి కూర్చున్నాడు. కూర్చున్నాడంటే ఏం కూర్చోవడం! మోకాళ్ళు వచ్చి మీసాలకు తగిలాయి. మోచేతులు పెట్టుకునే చోటు లేదు. సింహం ముక్కు నడుము దిగువన పొడిచింది. అయినా లేవడానికి లేదు. మంత్రి అప్పటికే గొంతు సవరించుకుని 'గజకేసరి విజయం' మొదటి పద్యం అందుకున్నాడు.

అయిదో పద్యానికి రాజు అటు ఒరిగాడు. తొమ్మిదో పద్యానికి ఇటు ఒరిగాడు. పదమూడో పద్యం 'మేరునగధీర, నిశ్చలాసన' అని మొదలయ్యేసరికి ఆయన కాలు సాచబోయి, మెట్టు తగిలి, మళ్ళీ ముడుచుకున్నాడు. సభికులు తలలు వంచుకున్నారు, భక్తితో కాదు. సూరక్క మాత్రం పెదవులు కదుపుతూ పద్యాలు లెక్కపెడుతోంది.

పంతొమ్మిదో పద్యం సగంలో రాజు లేచాడు.

లేచాడు గాని కాళ్ళు లేవలేదు. అంత పొడుగు మనిషీ దిమ్మె మీంచి తూలి, పోయి పోయి మంత్రి మీద పడ్డాడు. కొత్త ఉత్తరీయం చర్రున చిరిగింది.

"ఎవరు చేశారీ సింహాసనం?" రాజు గర్జించాడు, మంత్రి మీంచే.

"నేనే, ఏలినవారూ." సూరక్క ముందుకు వచ్చింది.

"ఎవరి కొలతకు చేశావు?"

"ఆ స్తంభం పక్కన మూటతో నిలబడ్డాడే, రాయసం మాచన, ఆయన కొలతకు."

"ఒక లేఖకుడి కొలతకు సింహాసనమా! తల తీయించండి!" అని అరిచాడు మంత్రి, కిందనుంచి.

"తల ఎక్కడికీ పోదు, అయ్యగారూ. ముందు శాసనం వినండి." సూరక్క గొంతెత్తి, రాతి మీది మాటను అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. "ప్రభువుల కొలతకూ ప్రజల కొలతకూ భేదం లేదు. చదువు రాదనుకుని తమరే నోటితో చెప్పారు కూడా, ఆవగింజంత లేదని. భేదం లేనప్పుడు మాచన కొలత తీసుకుంటే తప్పేమిటి? తప్పే అంటారా, అయితే ఆ రాయి తప్పు. రాయి ఒప్పయితే, ఏలినవారు దయచేసి మళ్ళీ కూర్చోవాలి. ఇంకా ఎనభై తొమ్మిది పద్యాలున్నాయి."

ఎనభై తొమ్మిది అనే మాట వినగానే రాజు చెయ్యి తనకు తెలియకుండానే నడుము మీదికి పోయింది.

"ఇంకొక్క సందేహం, మహాప్రభో. ఆషాఢంలో మాచన లేచాడు. అది ధిక్కారమన్నారు, కొలువు తీశారు. ఇవాళ తమరు లేచారు. దీన్నేమని రాయించమంటారు? ఆయన అరవై మూడో పద్యం దాకా ఓర్చాడు. తమరు పంతొమ్మిదో దానికే..." అని ఆగి, మంత్రి వైపు చూసింది. "పడ్డది మాత్రం ఇద్దరూ ఒక్కచోటే. పోనీలెండి, ఇన్నాళ్ళకు ఈ రాజ్యంలో ఒక మెత్తటి ఆసనం దొరికింది."

ముందు ఎవరో చిన్నగా కిసుక్కుమన్నారు. రాజు అటు చూశాడు. తర్వాత తన మోకాళ్ళకేసి చూసుకున్నాడు, ఆ గూడులాంటి సింహాసనాన్ని చూశాడు, స్తంభం పక్కన వణుకుతున్న ముసలివాణ్ణి చూశాడు. అంతే, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వుకు తిమ్మిరి కూడా వదిలింది.

"కూర్చోవడం కష్టమే, మాచనా" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "ఆ మూట విప్పు. నీ ఇల్లు నీదే, నీ కొలువు నీదే."

మాచన మూట విప్పలేదు. దాని మీదే కూలబడిపోయాడు. పాపం, ఆ మూట ఎత్తు ఆయనకు సరిగ్గా సరిపోయింది.

సూరక్క చెయ్యి ఊపగానే సాలలోని వడ్రంగులు గుడ్డ కప్పిన మరో సింహాసనాన్ని మోసుకొచ్చారు. అది రాజుగారి సొంత కొలత. పీటకు పేము అల్లిక. వీపు చెక్క నడుము దగ్గర కొంచెం ముందుకు వంగి, పైన వెనక్కి వాలింది. ముక్కున్న సింహాలు కాళ్ళ దగ్గరికి దిగాయి.

"సింహాల్ని కిందికి దించావేం?" అన్నాడు రాజు, కూర్చుని కాళ్ళు నేలకు ఆనించి, హాయిగా ఒక నిట్టూర్పు విడిచి.

"అవి మోయాలి గాని పొడవకూడదు, మహాప్రభో."

"సరే, మంచి కుర్చీని పోల్చుకోవడం ఎలాగో చెప్పు. మేమూ నేర్చుకుంటాం."

"క్షణం కూర్చుంటే మొద్దు కూడా సింహాసనమే. ఎసరు పెట్టిన దగ్గర్నుంచి అన్నం వార్చేదాకా కూర్చుని చూడాలి. పాదాలు నేలను మరిచిపోకూడదు. మోకాలి వెనక రెండు వేళ్ళు దూరాలి. రాసేవాడి మోచెయ్యి బల్లకు సమంగా రావాలి, లేకపోతే భుజాలు చెవులెక్కి కూర్చుంటాయి. నడుముకు ఆసరా ఉండాలి. మెత్తగా ఉందని పరుపుల కుప్పలో దిగబడితే అదీ ముప్పే, లేచేటప్పుడు ఇద్దరు లాగాలి. పీటకు అల్లికైతే గాలి ఆడుతుంది. సాగితే మళ్ళీ అల్లుకోవచ్చు. ఇక ఎన్నాళ్ళు మన్నుతుందంటారా, బంగారు రేకు చూడకండి, తిరగేసి కీళ్ళు చూడండి. మేకులు కొట్టింది ఊగుతుంది. చెక్కలో చెక్క దిగ్గొట్టింది మనవలు కూర్చునేదాకా ఉంటుంది. అన్నిటికన్నా ముందు, ఎవరు కూర్చుంటారో వాళ్ళని అడగాలి."

"ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు" అన్నాడు మాచన, మూట మీంచి.

రాజు తన మెడలోని హారం తీసి సూరక్క చేతిలో పెట్టాడు. "ఇది కాక ఇంకేం కావాలో కోరుకో."

"టేకు కావాలి, మహాప్రభో. నలభై ఒక్క కుర్చీలకు. ఎవరి కొలత వాళ్ళకి. ఇంకొకటి, గుమ్మం పక్కనున్న ఆ రాయి ఇప్పించండి."

"పగలగొడతావా?"

"ఎందుకు? రాయి మంచిదే, రాతే బాగాలేదు. తిరగేసి ఉలులు నూరుకుంటాను."

రాజు మళ్ళీ నవ్వాడు. రాయి ఇప్పించాడు. కొలతలు తీసేటప్పుడు పురికొస రెండో కొస పట్టుకునే పని మంత్రికి ఒప్పజెప్పాడు. పాపం సోమయామాత్యుడు నలభై ఒక్కమంది ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "పాదం ఆనిందా, నాయనా?" అని అడగాల్సి వచ్చింది. ముప్ఫయ్యోవాడి దగ్గరికి వచ్చేసరికి ఆ అడగడంలో కొంత నిజం కూడా చేరిందని చెప్పుకుంటారు.

'గజకేసరి విజయం' ఇరవై పద్యాలకు కుదించబడింది. ఆ కత్తిరింపు రాజుగారే స్వయంగా చేశారు.

కుర్చీలన్నీ చేరిన రోజున మాచన తన దాంట్లో కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, పొద్దున గంటం పట్టినవాడు దీపాలు పెట్టేదాకా దించలేదు. ఆనాటి ఆకు మీద చివరి పంక్తి ఇలా రాశాడు:

'విరోధికృత్ నామ సంవత్సరం, మాఘ శుద్ధ పంచమి, గురువారం. కుర్చీలు నలభై ఒకటి. కూర్చున్నవారు నలభై ఒక్కరు. పొద్దు గుంకేదాకా నొప్పితో లేచినవారు: సున్న.'