తినీసినానన్న అసిరమ్మ

ఊ కొట్టండి, చెబుతాను.

కొండలకింకా పేర్లు పెట్టని రోజుల్లో, ఏటికి అవతల ఒక పల్లె. పల్లె చివర ఒక గుడిసె. గుడిసెలో అసిరమ్మ. మొగుణ్ణి పాము కరిచి చంపింది. మిగిలింది ముసలి అత్త, ఇద్దరు ఆడపిల్లలు, అటక మీద ఒక చోళ్ళ కుండ. చోళ్ళంటే రాగులు.

అసిరమ్మ కొండెక్కి చీపురుగడ్డి కోసేది. చీపుర్లు కట్టి ఊరూరా తిరిగి చోళ్ళకు మార్చేది. ఆ చోళ్ళు విసిరి ముద్ద వండేది. రోజు గడిచేది.

ఒక ఏడు వాన రాలేదు. చీపురు అడిగేవాళ్ళు లేరు. అసిరమ్మ మరిది గుమ్మం ముందు నిలబడింది.

"రెండు కుంచాల చోళ్ళు పెట్టు మరిదీ. పంటకి ఇచ్చీస్తాను" అంది.

"మగదిక్కు లేని కొంపకి పెడితే తిరిగొస్తాయేటి వదినా?" అన్నాడు మరిది. కూర్చోమని కూడా అనలేదు.

ఆనాటి నుంచి అసిరమ్మకి ఒకటే భయం. కూర్చున్నా భయమే, నడిచినా భయమే, గడ్డి కోస్తున్నా భయమే. కుండ అడుగంటితే ఎలా? ఎవరి ముందు నిలబడాలి? ఆ భయంతోనే తన వాటా చోళ్ళు విసరడం మానేసింది. అవి కుండలోనే ఉండిపోయేవి.

అత్త అడిగింది. "తిన్నావేటే?"

"నాను తినీసినానత్తా."

పెద్దకూతురు పైడమ్మ అడిగింది. "అమ్మా, తిన్నావేటి?"

"నాను తినీసినానే."

పొరుగింటి నీలమ్మ అడిగింది. "మొహం అలాగైపోనాదేటప్పా? తిన్నావా?"

"నాను తినీసినానే నీలమ్మా."

ముగ్గురూ అడిగారు, ముగ్గురూ నమ్మారు. నమ్మితే వాళ్ళకీ సుఖమే మరి.

ఒకనాడు అసిరమ్మ కొండ దిగి రాలేదు. వెళ్ళి చూస్తే కోసిన గడ్డి మీదే పడి ఉంది. పాణం లేదు. ఇంటికి మోసుకొచ్చాక, ఆఖరి స్నానానికి నీళ్ళు పోయబోయి నీలమ్మ ఆగిపోయింది. చేతులు పుల్లలు. కడుపు వీపుకి అంటుకుపోయింది.

"ఇది తిన్న ఒళ్ళు కాదు" అంది నీలమ్మ.

దినం వెళ్ళిన మర్నాడే వాన పడింది. నెలలు తిరిగి పల్లెలో పంట ఇళ్ళకొచ్చింది. అప్పటికీ కుండ సగానికి ఉంది. ఆ సగం చూసి ముసలిది గోడకి తల కొట్టుకుంది. అసిరమ్మ తినకుండా మిగిల్చిన ఆ చోళ్ళు ఎవరి గొంతులోకీ దిగలేదు.

కొడవలి పైడమ్మ చేతికొచ్చింది, ఇల్లూ దాని నెత్తికొచ్చింది. ఒక మధ్యాహ్నం ముసలిది అడిగింది, "తిన్నావేటే?"

"నాను తినీసినాను మామ్మా" అంది పైడమ్మ.

ముసలిది మనవరాలి కుడిచెయ్యి పట్టుకొని వాసన చూసింది. గడ్డి వాసన. ముద్ద వాసన లేదు. ఆ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి, తన కంచంలో ముద్ద తీసి నోట్లో పెట్టింది.

"నువ్వు మింగినాకే మేం మింగుతాం" అంది.

ఇప్పటికీ ఏటి అవతల, ఆడమనిషి ఒంటరిగా సంసారం ఈడ్చే ఇంట్లో మొదటి ముద్ద ఆమెకే. దాన్ని అసిరమ్మ ముద్ద అంటారు. ఆమె మింగేదాకా చంటిపిల్లలు తప్ప ఎవరూ కంచంలో చెయ్యి పెట్టరు. దారిలో అలాంటి మనిషి ఎదురై "తినీసినాను" అంటే, "మాటొద్దు, చెయ్యి చూపించు" అంటారు. చేతికి ముద్ద వాసన లేకపోతే, ఆ చెయ్యి వదలకుండా తమ ఇంట్లోకి తీసుకుపోతారు.