చిరుత వస్తోందంట

ఎండలు ముదిరి కొండవాగు ధార తెగిపోయింది. మిగిలిన నీళ్లన్నీ ఒక్క మడుగులో చేరాయి. గొంతు తడుపుకోవాలంటే ఆ చుట్టుపక్కల అడవికి ఇక అదే దిక్కు. పొద్దు వాలేసరికి కొమ్ములున్నవీ, ముళ్లున్నవీ, గిట్టలున్నవీ అన్నీ ఆ ఒడ్డునే చేరేవి. మడుగులో మూతి పెట్టకముందే వాటి చెవుల్లో గుంటనక్క జంబులయ్య కబుర్లు పడేవి.

జంబులయ్య ఎత్తుగా ఉన్న రాయి చూసుకుని కూర్చునేవాడు. గొంతు తగ్గించి మాట్లాడేవాడు. గొంతు తగ్గితే వినేవాళ్లు తామే దగ్గరికి జరుగుతారని అతనికి బాగా తెలుసు.

"ఎగువన ఉచ్చులు పెట్టారంట. కుందేళ్ల గుంపుకి గుంపే పోయిందంట."

"పడమటి అడవి తగలబడుతోందంట."

"ఈ మడుగు కూడా ఎన్నాళ్లో ఉండదంట."

అన్నీ అబద్ధాలు కావు. పడమటి కొండ మీద పొగ అందరికీ కనిపించింది. ఆ ఒక్క నిజాన్ని ముందు నడిపించి, దాని వెనక అబద్ధాల మందను తోలేవాడు జంబులయ్య. చెప్పేవాడికి వినేవాడు లోకువ. వినేవాళ్లు రోజురోజుకీ చిక్కిపోతున్నారు, చెప్పేవాడు మాత్రం నిగనిగలాడుతున్నాడు.

అందరికంటే ఎక్కువ చిక్కింది దుప్పి చుక్కమ్మ. ఆమెకు తొలి కాన్పు. పుట్టిన కూన రాళ్ల సందున కాలు ఇరికించుకుంది. వాపు ఇంకా తగ్గలేదు. కూనను గుబురుగా పెరిగిన బోదగడ్డి పొదలో దాచి మేతకు వెళ్లేది చుక్కమ్మ. వెళ్లిందన్న మాటే గానీ మేసేది కాదు. తల వంచితే వెనక ఏదో వస్తున్నట్టే ఉండేది. మేత లేక పాలు తగ్గాయి. కూన పొదుగు కుమ్మి కుమ్మి అలసిపోయి, చన్ను నోట్లో ఉండగానే నిద్రపోయేది.

"కూన ఎండిపోతోందేమ్మా?" అని అడిగింది ఏదుపంది సూరవ్వ. ఆమె బొరియ ఆ పొద పక్కనే.

"భయంగా ఉంది అవ్వా. లోకమంతా పాడైపోయింది."

"లోకమంతా నువ్వెప్పుడు తిరిగొచ్చావు?"

చుక్కమ్మ కూన వైపు తిరిగి దాని వాచిన కాలు నాకింది.

ఒకనాడు జంబులయ్య సాయంత్రం దాకా ఆగలేదు. పొద్దెక్కకముందే ఆయాసపడుతూ వచ్చాడు. "తూరుపు గట్టు మీదికి చిరుత వచ్చిందంట. పొద్దు వాలగానే మడుగుకు దిగుతుందంట. ఎర్రబండలు దాటితే అవతల పెద్దేరు ఉంది. నిండా నీళ్లంట. బతకాలనుకున్నవాళ్లు ఇవాళే దాటండి."

అదుగో పులి అంటే ఇదుగో తోక అన్నట్టయింది. అప్పటికప్పుడు ఒకరికి గాండ్రింపు వినిపించింది, ఇంకొకరికి వాసన తగిలింది. అడవిదున్న కాటయ్య వాళ్లందరికీ పెద్ద. ఆయన మందలోని పిల్లల వైపు ఒకసారి చూసి, "ఎండ నడినెత్తి దిగగానే బయలుదేరుదాం" అన్నాడు.

ఎర్రబండలంటే చెట్టూ చేమా లేని రాతినేల. ఆ వేళప్పుడు పెనంలా కాలుతుంది.

"పెద్దయ్యా, నా కూన ఆ బండల మీద నడవలేదు" అంది చుక్కమ్మ.

కాటయ్య ఆమె వైపు చూడలేదు. "తెలుసమ్మా. మందలో ఇంకా పిల్లలున్నారు. అందరినీ చిరుతకు అప్పగించమంటావా?"

"ఆ చిరుతను ఎవరు చూశారు?"

"నిప్పు లేనిదే పొగ రాదు కదమ్మా."

జంబులయ్య రాయి దిగి దగ్గరికి వచ్చాడు. "తల్లీ, నీ కడుపుకోత నాకు తెలుసు. కానీ కుంటికూన కోసం నువ్వు కూడా పోవడం దేనికి? చిన్నదానివి, వచ్చే ఏడు మళ్లీ కంటావు. దాన్ని అలా పడుకోబెట్టి, వెనక్కి చూడకుండా నడిచిపో" అంటూ బోదపొద వైపు ఒక్క చూపు చూశాడు.

కూన ఏ పొదలో ఉందో ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆమె గబగబా సూరవ్వ దగ్గరికి వెళ్లింది. "అవ్వా, కాసేపు కూన దగ్గర ఉంటావా? నేను తూరుపు గట్టుకు పోయొస్తాను."

"చిరుత ఉంటేనో?"

"ఉంటే ఉందని తెలుస్తుంది. ఇక్కడే ఉంటే అదీ తెలియదు."

సూరవ్వ పొదకు అడ్డంగా కూర్చుని ముళ్లు నిక్కించింది.

చుక్కమ్మ గట్టు ఎక్కసాగింది. ఎండుటాకు గలగలమంటే ఆగింది. తొండ పరిగెత్తితే ఆగింది. గాలికి ఎండుగడ్డి మీద నీడ కదిలినప్పుడు, ఇంక అయిపోయిందనుకుని కళ్లు మూసుకుంది. ఏమీ కాలేదు. కళ్లు తెరిచి, మళ్లీ నడిచింది.

గట్టు మీద తునికి చెట్ల నిండా కొండముచ్చులు. చిరుత పొలిమేరలో ఉంటే చాలు, గొంతు చించుకుని అడవంతా లేపే జాతి అది. అవి తీరిగ్గా కూర్చుని పండ్లు తింటున్నాయి. ఓ తల్లి పిల్ల తలలో పేలు చూస్తోంది. కింద మెత్తటి దుమ్ములో నెమలి అడుగులున్నాయి, ఉడుత అడుగులున్నాయి. చిరుత అడుగు ఒక్కటీ లేదు.

చుక్కమ్మ ఊపిరి పీల్చుకుని, గట్టు మీది నుంచి మడుగుకు అవతలి వైపు చూసింది. దిగువన ఎర్రబండలు మెరుస్తున్నాయి. బండల నెర్రెల్లో, నీడలున్న చోటల్లా, నక్కలు. మడుగు నుంచి వచ్చే దారి వైపే మూతులు పెట్టి పడుకున్నాయి. కాళ్లు కాలి కూలబడే పిల్లల కోసం, ముసలివాళ్ల కోసం కాచుకుని ఉన్నాయి.

ఆమె వెనక్కి పరిగెత్తింది. వచ్చేసరికి ఎండ నడినెత్తి దిగింది. మంద లేచి నిలబడింది. ముందు కాటయ్య, పక్కనే దారి చూపించడానికి జంబులయ్య.

పరిగెత్తి వస్తూనే ఆమెకు ఒక సంగతి అర్థమైంది. చిరుత లేదంటే ఎవరూ నమ్మరు. బిడ్డ మీద ప్రేమతో కళ్లు మసకబారాయని జంబులయ్య ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. భయపడ్డ చెవుల్లోకి మంచి మాట దూరదు, కీడు మాటే దూరుతుంది.

"జంబులయ్య మామా" అంది రొప్పుతూ. "నువ్వు చెప్పింది నిజమేనంట. చిరుత ఉందంట."

"చెప్పానా" అన్నాడు జంబులయ్య, అందరి వైపూ చూస్తూ.

"అయితే గట్టు మీద కాదంట. ఎర్రబండల నెర్రెల్లోకి దిగిందంట. అక్కడ నీడకు పడుకున్నవాళ్లను ఒక్కొక్కరినీ మెడ పట్టి ఈడుస్తోందంట."

జంబులయ్య మెడ మీద వెంట్రుకలు లేచాయి. "ఎర్రబండల్లోనా? అక్కడ మా పెద్దోడు..." అని, నోరు మూసుకున్నాడు.

మంద కదలడం ఆగిపోయింది.

"మీ పెద్దోడు అక్కడెందుకున్నాడు మామా?"

"ఊరికే... నీడకి."

కాటయ్య నిదానంగా తల తిప్పాడు. "చిరుత వస్తోందని మమ్మల్ని ఇల్లు కదిలించావు. సొంత పిల్లల్ని మాత్రం మేం నడిచే దారిలో పడుకోబెట్టావా జంబులూ?"

ఇంకెప్పుడైనా అయితే జంబులయ్య ఏదో ఒకటి అల్లేవాడే. ఇప్పుడు అతని కళ్లు కాటయ్య మీద లేవు, ఎర్రబండల మీద ఉన్నాయి. చిరుత మాట తానే పుట్టించాడు. అది అబద్ధమని అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అయినా ఆ కబురు మరొకరి నోట తన చెవిన పడేసరికి తట్టుకోలేకపోయాడు. ఒక్క ఉదుటున దూకి, కాలే బండల మీద కాళ్లు బొబ్బలెక్కుతున్నా ఆగకుండా, ఊళ పెడుతూ పరిగెత్తాడు. ఆ ఊళ విని నెర్రెల్లోని నక్కలన్నీ లేచి, ఎందుకో ఏమిటో అడక్కుండానే, చెట్టుకొకటి పుట్టకొకటిగా చెదిరిపోయాయి.

"చిరుతను నువ్వు చూశావా అమ్మా?" అన్నాడు కాటయ్య.

"లేదు పెద్దయ్యా. గట్టంతా తిరిగాను, దాని జాడే లేదు. బండల్లో కాచుకున్న నక్కల్ని చూశాను. చిరుత మాట మాత్రం ఆయన కబుర్లలాంటిదే."

కాటయ్య తల దించుకున్నాడు. "నువ్వు ఒంటరిగా వెళ్లాల్సి వచ్చింది. నేను వెళ్లి చూడాల్సింది."

"మడుగు తగ్గుతోందన్నది మాత్రం నిజమే" అంది చుక్కమ్మ. "రాళ్ల మీద నీటి గీత కిందికి దిగింది. అది నేనూ చూశాను."

"అదేమన్నా చిరుతా, చూసి పారిపోవడానికి?" అంది అప్పుడే కూనను వెంటబెట్టుకుని వచ్చిన సూరవ్వ. "వాగు పైన ఆగింది గానీ కింద ఆగలేదు. ఇసుక తవ్వండి."

సూరవ్వ మూతితో చోటు చూపించింది. కాటయ్య గిట్టలతో తవ్వాడు. మిగతావాళ్లు ఇసుక తోడారు. ముందు చల్లటి మట్టి, తర్వాత తడి, ఆ తర్వాత చెలమలో సన్నగా నీటి ఊట. పెద్దలు చుట్టూ నిలబడి, పిల్లలకు మొదట దారి వదిలారు.

కీడు కబురు చెవిన పడితే వణుకుతూ కూర్చోకు, లేచి వెళ్లి చూడు, చూసొచ్చినవాడిదే ధైర్యం.