రుచి చూడని వంట

వరదయ్యకు తర్కం బాగా వచ్చు. అతని చిక్కల్లా అదే.

చెయ్యేటి ఒడ్డున ఉన్న ఆ చిన్న వైష్ణవ మఠంలో అతనితో వాదించి గెలిచినవాళ్ళు లేరు. ఏ పక్షం అప్పగించినా నిలబెట్టేవాడు. ఆ వేసవిలో మాత్రం రెండు పక్షాలూ అతనివే అయ్యాయి.

ఒకటి, మఠంలోనే ఉండిపోయి సన్యాసం పుచ్చుకోవడం. మఠాధిపతి జీయరుగారు వయసు మళ్ళినవారు. ఆయన తర్వాత పీఠం వరదయ్యదేనని అందరూ అనుకుంటున్నారు. జీయరుగారు పైకి ఎన్నడూ అనలేదు కాని, కొత్త కాషాయ వస్త్రం ఒకటి అద్దించి పెట్టారు. ఎవరికోసమో చెప్పలేదు.

రెండోది, ఇంటికి వెళ్ళి మేనమామ కూతురు ఆండాళును పెళ్ళిచేసుకోవడం. ఇద్దరూ చిన్నగా ఉన్నప్పుడే పెద్దవాళ్ళు అనుకున్న సంబంధం అది.

ఏదైనా ఆషాఢం వచ్చేలోపలే తేలాలి. ఆషాఢంలో పెళ్ళిళ్ళు చెయ్యరు, ఆ తర్వాత దాకా తాను ఆగలేనని మేనమామ కబురు పంపాడు. జీయరుగారి చాతుర్మాస్య దీక్షా ఆ నెలలోనే మొదలవుతుంది. సన్యాసం ఇస్తే ఆలోపే ఇవ్వాలి.

వరదయ్య పొద్దున్నే సన్యాసాన్ని గెలిపించేవాడు. సాయంత్రానికి దాన్ని ఓడించేవాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరైనా అడిగితే ఇరుపక్షాల వాదమూ వినిపించేవాడు. తోటి శిష్యుడు సౌమ్యనాథం, పేరుకు తగిన నోరు కాదు అతనిది, అది విని ఒకనాడు అన్నాడు:

"ఒక్కడే వాదించి ఇద్దరుగా ఓడిపోతున్నాడు, పాపం."

అందరూ నవ్వారు. వరదయ్యా నవ్వాడు. ఆ సాయంత్రం జీయరుగారి దగ్గరికి వెళ్ళాడు.

జీయరుగారు తులసి దళాలు ఏరుతున్నారు. వరదయ్య సాష్టాంగపడి లేచి, చాలాసేపు చెప్పాడు. గృహస్థ ధర్మం గురించీ, వైరాగ్యం గురించీ, పెద్దలు దేన్ని ఎక్కడ సమర్థించారో దాని గురించీ చెప్పాడు. చివరికి అడగవలసింది అడిగాడు.

"స్వామీ, ఇలాంటప్పుడు మనసు మాట వినాలా, బుద్ధి మాట వినాలా?"

"మనసేమంటోంది?"

"పొద్దుటికి ఒకటంటుంది, సాయంత్రానికి ఒకటంటుంది."

"బుద్ధి?"

"అదీ అంతే స్వామీ."

జీయరుగారు ఎండిన దళం ఒకటి పక్కన పెట్టారు.

"తాతాచార్యులు కూతురి పురిటికి వెళ్తున్నాడు," అన్నారు. "రేపటినుంచి వంట నువ్వు చూడు."

తాతాచార్యులు మఠంలో వంటస్వామి. జవాబు వస్తుందనుకున్న వరదయ్యకు గరిటె వచ్చింది. అయినా దాసోహమని లేచాడు.

ఆ వంటశాలలో ఒక కట్టడి ఉంది. అక్కడ వండేది ముందు పెరుమాళ్ళకు ఆరగింపు. ఆరగింపు కాకముందు వండినవాడు రుచి చూడకూడదు. చూస్తే ఎంగిలి. వాసన కూడా పీల్చకూడదని ముక్కుకూ నోటికీ కలిపి గుడ్డ కట్టుకుంటారు. ఉప్పు తక్కువైందో ఎక్కువైందో దేవుడికి పెట్టాక, ప్రసాదం తిన్నప్పుడే తెలిసేది. దానికి తోడు ప్రసాదానికి వంక పెట్టకూడదు, విస్తట్లో వదలకూడదు.

వంటంటే మనసుతో చేసే పని అని వరదయ్య విని ఉన్నాడు. మొదటిరోజు పులిహోరకు పులుసు కాచి, మనసుకు తోచినంత ఉప్పు వేశాడు. మనసుకు చాలా తోచింది.

భోజనాల దగ్గర ఎవరూ ఏమీ అనలేదు. అందరూ చివరి మెతుకు దాకా తిన్నారు. తర్వాత నీళ్ళ కాగు దగ్గర బారు తీరారు. సౌమ్యనాథం రెండోసారి చెంబు ముంచుతూ, "ఇవాళ చెయ్యేరు ఎండితే తప్పు నాది కాదు," అన్నాడు.

మరునాడు వరదయ్య బుద్ధి వైపుకు మళ్ళాడు. ఒక కొబ్బరిచిప్ప తీసుకుని కొలత కట్టాడు. ఇంత బియ్యానికి ఇంత చింతపండు, ఇంత చింతపండుకు ఇంత ఉప్పు. కొన్నాళ్ళు బాగా సాగింది. ఉప్పు వేసేటప్పుడు గిన్నె వైపు చూసే అవసరం కూడా ఉండేది కాదు. చిప్ప వైపు చూస్తే చాలు. జీయరుగారిని అడిగిన ప్రశ్నకు జవాబు దొరికిందనుకున్నాడు. కొలతే గొప్పది. సన్యాసానికీ పెళ్ళికీ ఎక్కడో ఒక కొబ్బరిచిప్ప ఉండే ఉంటుంది.

అంతలో ఉప్పు బస్తా అయిపోయి కొత్తది వచ్చింది. ఆ ఉప్పు రాళ్ళు పెద్దవి. చిప్ప నిండుగానే కనబడేది, లోపల రాళ్ళ మధ్య సందులు. పులిహోర చప్పగా తేలింది. లెక్క తప్పలేదు, చిప్పే తప్పింది.

వరదయ్య నొచ్చుకున్నాడు. జీయరుగారితో మొరపెట్టుకున్నాడు.

"ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని ఉంటే తేలిపోయేది స్వామీ."

"తేలేది," అన్నారు జీయరుగారు. "కాని అప్పుడది ఆయనకు పెట్టేది కాదు."

"వండేటప్పుడు చూడు. తిన్నాక గుర్తుపెట్టుకో," అని మళ్ళీ తన పనిలో పడ్డారు.

వరదయ్య చూడడం మొదలుపెట్టాడు. కొత్త చింతపండు రంగు వేరు, పాతదాని రంగు వేరు. ముసురు పట్టిన రోజున ఉప్పు వేళ్ళకు అంటుకుంటుంది. పులుసు చిక్కబడేకొద్దీ ఉడికే చప్పుడు మారుతుంది. మధ్యాహ్నం తిన్నప్పుడు పొద్దున చూసినవన్నీ తలచుకునేవాడు. ఎక్కడో తప్పేది, మరునాడు దిద్దుకునేవాడు. ఆ పనిలో పడి, పగటిపూట తనతో తాను వాదించుకోవడం తగ్గిపోయింది. నీళ్ళ కాగు దగ్గర బారూ తగ్గింది. సౌమ్యనాథానికి మాటలు దొరకడం లేదు.

ఒకనాటి ఉదయం జీయరుగారు వంటశాల గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. పులుసు ఉడుకుతోంది. వరదయ్య జాడీలోంచి గుప్పెడు ఉప్పు తీసి, గిన్నె మీద చెయ్యి తిప్పి, సగంలో ఆపాడు. మిగిలింది తిరిగి జాడీలో వేశాడు.

"ఎందుకు ఆపావు?"

వరదయ్య తిరిగి చూశాడు.

"చెయ్యి ఆగింది స్వామీ."

జీయరుగారు కదల్లేదు. వరదయ్య గిన్నెలోకి మళ్ళీ చూశాడు. అప్పుడు ఒక్కొక్కటే తట్టాయి. ఇవాళ చింతపండు పాతది, పులుపు తక్కువ. బెల్లం నిన్నటికంటే నల్లగా ఉంది, అందులోనే కాస్త ఉప్పదనం ఉంటుంది. ముక్కు మీది గుడ్డలోంచే అవన్నీ చెప్పాడు.

"ముందు చెయ్యి ఆగింది, తర్వాత కారణాలొచ్చాయి," అన్నారు జీయరుగారు. "మొదటిరోజు కూడా ఇదే చెయ్యి కదూ?"

ఆ మాటతో వెళ్ళిపోయారు.

జ్యేష్ఠం చివరికి వచ్చింది. ఆండాళు తమ్ముడు తిరువేంగడం పొద్దెక్కక ముందే మఠానికి వచ్చాడు. ముందు రాత్రి దారిలో సత్రంలో పడుకుని వచ్చానన్నాడు. వచ్చింది మాట తీసుకుపోవడానికే. అది అందరికీ తెలుసు. పొద్దుటి ప్రసాదం తిన్నాక మాట్లాడుదువులే అని సౌమ్యనాథం అతన్ని పంక్తిలో కూర్చోబెట్టాడు.

తిరువేంగడం పులిహోర తిని, ఇంకాస్త వెయ్యమన్నాడు. అది తిని మళ్ళీ వెయ్యమన్నాడు. ప్రసాదాన్ని మెచ్చుకునే పద్ధతి ఆ ఇళ్ళలో అదొక్కటే.

"ఇది నువ్వు వండావా బావా? మా అక్కకు చెబితే నమ్మదు."

"మీ అక్క ఏమంది?" అన్నాడు వరదయ్య. అడగాలనుకుని అడిగింది కాదు.

తిరువేంగడం విస్తరి మడిచి లేచాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు.

"కాషాయం కట్టుకుంటే వచ్చి దండం పెట్టి పోతానంది. కట్టుకోకపోతే తొందరగా రమ్మంది. రెంటికీ మధ్యలో కూర్చుంటే మాత్రం ఊరుకోనంది."

వరదయ్య నవ్వాడు. చాలా రోజులకు అంత పెద్దగా నవ్వాడు.

జీయరుగారు అరుగు మీదినుంచి అంతా వింటూనే ఉన్నారు. వరదయ్యను ఏమీ అడగలేదు.

"వరదా, ఈ అబ్బాయి ఎండ ముదరకముందే బయల్దేరితే మంచిది. ప్రయాణానికి ప్రసాదం కట్టు," అన్నారు.

వరదయ్య వంటశాలలోకి వెళ్ళి అరిటాకులు పరిచాడు. తిరువేంగడం గుమ్మంలో నిలబడి ఊరి కబుర్లు చెబుతున్నాడు. వాళ్ళ ఆవు ఈనిందట, పెయ్యదూడట. కోవెల తలుపు బిగుసుకుపోయి ఒక పట్టాన తెరుచుకోవడం లేదట, నాన్న రోజూ దాన్ని తిట్టి లోపలికి పోతున్నాడట. వరదయ్య అన్నిటికీ ఊకొడుతూ పులిహోర సర్ది, ఆకులు మడిచి, నారతో కట్టాడు. తెచ్చి జీయరుగారి ముందు పెట్టాడు.

జీయరుగారు వాటివైపు చూసి అడిగారు.

"ఎన్ని కట్టావు?"

వరదయ్య చూశాడు. రెండు పొట్లాలున్నాయి.

"రెండు స్వామీ," అన్నాడు. ఆ సంగతి తనకూ అప్పుడే ఎవరో చెప్పినట్టుంది.

"రెండోదెవరికి?"

వరదయ్య నోరు తెరిచాడు. ఈసారి వాదమేదీ రాలేదు. కళ్ళలో నీళ్ళు మాత్రం తిరిగాయి. అవి దిగులు వల్ల వచ్చినవి కావు. జీయరుగారి వెనక, దండెం మీద, కొత్త కాషాయం గాలికి కొంచెం కదులుతోంది. జీయరుగారు దానివైపు చూడలేదు.

సౌమ్యనాథం ఏదో అనబోయాడు.

"సౌమ్యనాథం, రేపటినుంచి వంట నీది," అన్నారు జీయరుగారు, తల తిప్పకుండానే.

వరదయ్య సాష్టాంగపడ్డాడు. లేచేసరికి జీయరుగారు రెండో పొట్లం చేతిలోకి తీసుకుని చూస్తున్నారు. ముడి వదులుగా ఉంది. ఆయన నార విప్పి, ఆకు అంచులు మళ్ళీ లోపలికి మడిచి, ముసలి వేళ్ళతో నిదానంగా కట్టడం మొదలుపెట్టారు. తిరువేంగడం ఎండ వైపు చూసి ఊరుకున్నాడు.

"పెట్టడం బాగానే పెట్టావు," అన్నారు జీయరుగారు. "కట్టడం ఒకసారి సరిచూసుకోవాలి నాయనా. దారి దూరం."

ముడి బిగించి, పొట్లం అతని చేతిలో పెట్టారు.