పుస్తకం తిన్న మేక, బ్రేకాయిల్ మార్చని ఎలుగుబంటి

అనగనగా ఒక అడవి. ఆ అడవి మొత్తానికి ఒకటే కారు.

అడవిలోకి కారెలా వచ్చిందని అడుగుతారని నాకు తెలుసు. అందుకే ముందే చెప్పేస్తున్నాను, మధ్యలో ఆపకండి. ఒకరోజు ఒక కుటుంబం పులిహోర కట్టుకుని కారులో కొండ మీదికి వచ్చింది. పోలయ్య అనే ఎలుగుబంటి పొదలోంచి బయటికొచ్చి, "ఏమండీ, కాస్త పులిహోర పెడతారా?" అని మర్యాదగానే అడిగాడు. వాళ్లు పులిహోర వదిలేశారు. చాప వదిలేశారు. కారు కూడా వదిలేసి కొండ దిగి పరుగెత్తారు. పోలయ్య మంచివాడు. మూడు రోజులు కారు పక్కనే కూర్చుని వాళ్లకోసం ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. నాలుగో రోజు తాళం తిప్పాడు.

అలా పోలయ్య డ్రైవరయ్యాడు. కొండ మీదివాళ్లని కిందికి, కిందివాళ్లని మీదికి చేరవేసేవాడు. దారిలో ఏడు మలుపులు. ఛార్జీ ఏమిటంటే, ఎక్కినవాళ్లు తేనెపట్టు ఎక్కడుందో ఒకటి చూపించాలి. పెట్రోలు ఎక్కడిదని అడిగినవాళ్లకి రేపు కథ చెప్పను.

కారు ముందు అరలో ఒక లావు పుస్తకం ఉండేది. ఏ ఆయిల్ ఎప్పుడు మార్చాలో, ఏది ముందు, ఏది వెనక అన్నీ అందులో రాసి ఉన్నాయి. పోలయ్య దాన్ని చదవకముందే ముత్యాలు అనే మేక తినేసింది. అట్టతో సహా తినేసింది. ముత్యాలు ఏదో మందలోంచి తప్పిపోయి వచ్చి ఆ అడవిలోనే స్థిరపడిన మేక.

"ఎంత పని చేశావే!" అని పోలయ్య నెత్తి కొట్టుకున్నాడు.

"చదవకుండా తిన్నాననుకున్నావా?" అంది ముత్యాలు. "ఒక్కో పేజీ చదివాకే నమిలాను. ఏం కావాలన్నా అడుగు, చెబుతాను."

పోలయ్య అడగలేదు. ఆ రోజు నుంచి ముత్యాలుతో మాటలు మానేశాడు. ఎదురుపడితే మొహం అటు తిప్పుకునేవాడు. ఎలుగుబంటి మొహం తిప్పుకోవడమంటే మాటలా! అంత పెద్ద తల తిరగడానికే చాలాసేపు పట్టేది. అయినా తిప్పేవాడు.

రెండేళ్లు గడిచాయి. ఒకరోజు నాగరత్నం అనే అడవికోడి పోలయ్య దగ్గరికి వచ్చింది. ఆమె గూడు కొండ కొమ్మున ఉంది.

"పోలన్నా, వానలొచ్చేస్తున్నాయి. పోయిన ఏడాది వానకి నా గుడ్లన్నీ కొట్టుకుపోయాయి. ఒక్కటీ దక్కలేదు. ఈసారి పన్నెండు పెట్టాను. కొండ కింద ఒక బండ చాటున పొడి చోటు చూసుకున్నాను. గుడ్లని నేను మొయ్యలేను. నీ కారులో కిందికి చేరుస్తావా?" అని అడిగింది.

చెబుతూ చెబుతూ నాగరత్నం ఏడ్చేసింది. పోలయ్యకి కూడా కళ్లు తడిశాయి.

"ఏడవకమ్మా. గురువారం పొద్దున్నే తీసుకెళ్తాను. పన్నెండూ నీకు అప్పగించే పూచీ నాది," అన్నాడు.

పూచీ ఇచ్చాడు కానీ, కారు కొన్నాళ్లుగా మూలుగుతోంది. అందుకని మంగళవారం సూరన్న షెడ్డుకి తీసుకెళ్లాడు. సూరన్న ముళ్లపంది. అడవికంతటికీ ఆయనొక్కడే మెకానిక్కు. ఆయనకి పనిముట్లు అక్కర్లేదు. వీపు మీదినుంచి ఒక ముల్లు పీకి, లోపల ముంచి, పైకి తీసి చూపిస్తాడు, అంతే.

మొదటి ముల్లు ఇంజనాయిల్‌లో ముంచాడు. అట్ల పెనం అడుగులా నల్లగా వచ్చింది. రెండో ముల్లు బ్రేకాయిల్‌లో ముంచాడు. లేత తేనె రంగులో ఉండాల్సింది, కాఫీ డికాషన్‌లా వచ్చింది. మూడో ముల్లు కూలెంటులో ముంచాడు. అంటే ఇంజను వేడెక్కకుండా రేడియేటర్‌లో పోసే ఆకుపచ్చ నీళ్లు. అది శుభ్రంగానే ఉంది. గేరాయిల్ కూడా ఫరవాలేదు. అద్దం కడిగే నీళ్లు మాత్రం అయిపోయాయి.

"చూశావుగా. ఏం మార్చమంటావు?" అన్నాడు సూరన్న.

"అన్నీ మార్చెయ్."

"అన్నిటికీ తొమ్మిది తేనెపట్లవుతాయి."

పోలయ్య తల గోక్కున్నాడు. కారు ఖర్చులకని పది పట్లు దాచాడు పాపం. అందులో ఏడు తినేశాడు. మిగిలినవి మూడు. మన ఇళ్లల్లో కూడా బడ్జెట్ అంటే ఇంచుమించు ఇలాగే ఉంటుంది లెండి.

"మూడే ఉన్నాయి సూరన్నా. ఏది ముందంటావు?"

"నేను చూపిస్తాను, చెప్పను. ఒకసారి సలహా చెప్పి చెడ్డవాణ్ణయ్యాను. వాదన పెరిగితే నాకు ముళ్లు లేస్తాయి. ఆ తర్వాత ఎవరికీ బాగుండదు," అని సూరన్న చేతులు తుడుచుకున్నాడు.

అప్పుడే షెడ్డు బయట కంప మేస్తున్న ముత్యాలు తల ఎత్తింది.

"బ్రేకాయిలూ! నలభై ఏడో పేజీ!" అని అరిచింది.

పోలయ్య మొహం తిప్పుకున్నాడు. సగం తిప్పేసరికి ఎదురుగా ఏనుగు పెద్దమ్మ కనిపించింది. పోనీ ఈమెని అడుగుదామనుకున్నాడు.

"పెద్దమ్మా, నా దగ్గర మూడు పట్లే ఉన్నాయి. కారుకి ముందు ఏది ముఖ్యం?"

"నీళ్లు చిమ్ముకోవడం నాయనా," అంది పెద్దమ్మ తొండం ఊపుతూ. "నేను తొండం నిండా నీళ్లు లేకుండా గడప దాటను. అద్దం మీద చిమ్మే నీళ్లు పోయించు. గులాబీ వాసనది పోయించు, నలుగురిలో మర్యాదగా ఉంటుంది."

పోలయ్యకి నచ్చింది. ఒక పట్టు ఇచ్చి గులాబీ నీళ్లు పోయించాడు.

తర్వాత బురదగుంటలో పడుకున్న అడవిదున్న బావని అడిగాడు.

"వేడి రా పోలయ్యా, వేడి!" అన్నాడు దున్న, బురదలోంచి మూతి మాత్రం బయటపెట్టి. "ఎండెక్కితే నా బుర్ర పనిచెయ్యదు. కారైనా అంతే. ఆ పచ్చనీళ్లు పారబోసి కొత్తవి పోయించు."

"అవి శుభ్రంగానే ఉన్నాయి బావా."

"నా బురద కూడా శుభ్రంగానే ఉంది. అయినా రోజూ కొత్త గుంట తవ్వుకోవడం లేదూ?"

ఆ మాటకి పోలయ్య దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంటే చెప్పండి, నా దగ్గరా లేదు. మిగిలిన రెండు పట్లూ కూలెంటుకి పోయాయి.

ఇంక చేతిలో ఏమీ లేదు. అయినా పోలయ్యకి ఆ డికాషన్ రంగు ముల్లు గుర్తొచ్చి గుండెలో గుచ్చుకుంటోంది. కారు అద్దం వెనక కాపురముంటున్న బల్లిని అడిగాడు.

"అబ్బాయీ, బ్రేకాయిల్ మార్చలేదు. గురువారం గుడ్లు తీసుకెళ్లాలి. ఏమైనా అవుతుందంటావా?"

"ఏమీ కాదు మామా," అంది బల్లి. "పోయింది మళ్లీ అదే వస్తుంది. పోయిన నెల నా తోక ఊడింది. ఇప్పుడు చూడు, కొత్తది. బ్రేకు కూడా అంతే. ఊడితే మొలుస్తుంది."

పోలయ్య హాయిగా నిద్రపోయాడు.

గురువారం వచ్చింది. వెనక సీటంతా గడ్డి పరిచి పన్నెండు గుడ్లూ పేర్చారు. ఇంకో రెండు రోజుల్లో పిల్లలయ్యే గుడ్లు. లోపలినుంచి కిచకిచమని మాటలు కూడా వినిపిస్తున్నాయి. కింద చోటు సర్దాలని నాగరత్నం ముందే వెళ్లింది. వెళ్తూ వెళ్తూ ముత్యాలుని పిలిచి, "అక్కా, నువ్వు తోడుండు. గడ్డి జారకుండా చూడు. తినకు," అని ఒప్పించింది. పోలయ్యకి ఇష్టం లేదు. కానీ తల్లి అడిగింది కదా, కాదనలేకపోయాడు.

కారు బయల్దేరింది. ముత్యాలు ముందు సీట్లో కూర్చుంది. రెండో మలుపు దాటేసరికి వెనక్కి వంగి సగం గడ్డి తినేసింది.

"వచ్చేశామా?" అంది ఒక గుడ్డు.

"లేదమ్మా," అన్నాడు పోలయ్య.

"ఇప్పుడు?" అంది ఇంకో గుడ్డు.

దిగుడు ఏటవాలుగా ఉంది. పోలయ్య బ్రేకు మీది నుంచి కాలు తియ్యలేదు. మూడో మలుపు, నాలుగో మలుపు. ఐదో మలుపు దగ్గర పెడల్ మెత్తబడింది. ముగ్గిన సీతాఫలం మీద కాలేసినట్టు దిగిపోయింది. కారు మాత్రం ఆగలేదు.

"బ్రేకు లేదు!" అని పోలయ్య కేకేశాడు.

"మొలుస్తుంది, కాసేపాగు మామా!" అంది బల్లి. అంటూనే భయానికి దాని తోక ఊడి పోలయ్య ముక్కు మీద పడింది.

కంగారులో పోలయ్య చేతికందిన మీటలన్నీ నొక్కాడు. అద్దం నిండా గులాబీ నీళ్లు చిమ్మాయి. ఇంజను కుండలో నీళ్లంత చల్లగా ఉంది. అలా ఆ కారు చల్లగా, ఘుమఘుమలాడుతూ, పన్నెండు ప్రాణాలని వెనకేసుకుని లోయకేసి పరుగెత్తింది.

"వచ్చేశామా?" అన్నాయి పన్నెండు గుడ్లూ ఒక్కసారే.

పోలయ్యకి నాగరత్నం మొహం కళ్లముందు మెదిలింది. పూచీ ఇచ్చాను కదా అనుకున్నాడు. ఏడుపు తన్నుకొచ్చింది. రెండేళ్ల తర్వాత మొదటిసారి మేక వైపు తిరిగాడు.

"ముత్యాలూ! పుస్తకంలో ఏముందే?"

"యాభై రెండో పేజీ. కొంచెం ఉప్పగా ఉండింది," అంది ముత్యాలు, కళ్లు మూసుకుని గుర్తు చేసుకుంటూ. "కింది గేరులోకి దించు. ఇంజనే పట్టి ఆపుతుంది. హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగు, ఒక్కసారి గుంజకు."

పోలయ్య గేరు దించాడు. నల్లటి ఆయిల్‌తో ఉన్న ఇంజను ఒళ్లంతా విరిగినట్టు మూలిగింది. అయినా పట్టింది. వేగం తగ్గింది. ఆరో మలుపు తిరిగింది. ఏడో మలుపు మాత్రం తిరగలేదు. కారు నేరుగా వెళ్లి దున్న బావ బురదగుంటలో దిగబడి ఆగింది.

"చల్లగా ఉందా?" అని దున్న పలకరించాడు.

పోలయ్య బురదలో దిగి పడుతూ లేస్తూ వెళ్లి వెనక తలుపు తెరిచి, లోపలికి తల పెట్టాడు. టప్, టప్, టప్ అని పెంకులు పగులుతున్నాయి. ఆ కుదుపుకి రెండు రోజుల ముందే పన్నెండు పిల్లలూ బయటికొచ్చేశాయి. ఒక్కదానికీ దెబ్బ తగల్లేదు. అన్నీ తడి కళ్లు విప్పి చూశాయి. ఎదురుగా బురద కారుతున్న పెద్ద నల్ల మొహం కనిపించింది.

"అమ్మా!" అన్నాయి.

సరిగ్గా అప్పుడే నాగరత్నం పరుగెత్తుకొచ్చింది. పిల్లలని చూసి ఆనందంతో రెక్కలు చాపింది. పిల్లలు ఆమెని చూసి భయపడి పోలయ్య బొచ్చులోకి దూరిపోయాయి.

నాగరత్నం చాపిన రెక్కలు అలాగే ఉండిపోయాయి.

"ఇరవై రోజులు పొదిగాను పోలన్నా," అంది చివరికి. "తిండి మానేసి పొదిగాను. నా పిల్లలు బతికారు, అది చాలు. కానీ ఆ మొదటి పిలుపు నాది కదా?"

పోలయ్యకి తప్పు చేశానని తెలిసింది. క్షమించమని అడిగాడు. అడిగినంత మాత్రాన ఆ పిలుపు వెనక్కి రాదని కూడా తెలిసింది. పిల్లలు మూడు వారాలపాటు అతని చంకలోనే పడుకున్నాయి. వాటికి గింజలు ఏరడం నేర్పాలని పోలయ్య రోజంతా నేల గీరాడు. పక్కనే నాగరత్నం నిలబడి, "అలా కాదన్నా, ఇలా," అని చూపించేది.

ఈ మధ్యలో మళ్లీ మూడు తేనెపట్లు దొరికాయి. ఈసారి ఒక్కటీ తినలేదు. తిన్నగా ముత్యాలు దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు.

"నలభై ఏడో పేజీలో ఏముంది ముత్యాలూ?"

"అడగడానికి ఇన్నాళ్లు పట్టిందా?" అని ముత్యాలు నెమరు ఆపి చెప్పింది. "బ్రేకాయిల్ గాలిలో తేమ తాగుతుంది. తేమ తాగినది దిగుడులో వేడెక్కి మరిగిపోతుంది, అప్పుడు బ్రేకు పట్టదు. అందుకని రెండేళ్లకి మార్చాల్సిందే. అది ముందు. దానికి ఒక పట్టు. తర్వాత ఇంజనాయిల్, దానికి రెండు. అది లేకపోతే బండే ఉండదు. గేరాయిల్ వానలయ్యాక చూడొచ్చు. కూలెంటు తగ్గిందేమో చూస్తూ ఉంటే చాలు. అద్దానికి వాగు నీళ్లు గుడ్డలో వడకట్టి పొయ్యి, ఊరికే వస్తాయి."

"ఈ కాస్త మాటకి నేను రెండేళ్లు మొహం తిప్పుకున్నానా!" అన్నాడు పోలయ్య.

బురదలోంచి లాగిన కారుకి రెండు ఆయిళ్లూ మార్చాక, సూరన్న రెండు ముళ్లు ముంచి చూపించాడు. రెండూ లేత తేనె రంగులో వచ్చాయి. పోలయ్య పొరపాటున ఒకటి నాకబోయాడు కూడా.

ఇప్పుడు పిల్లలు పెద్దవయ్యాయి. అయినా కారు బయల్దేరితే చాలు, పన్నెండూ వెనక సీట్లో ఎక్కేస్తాయి. "అమ్మా, బ్రేకాయిల్ చూశావా?" అని పోలయ్యని అడుగుతాయి. ముందు సీట్లో కూర్చున్న నాగరత్నాన్ని మాత్రం "చిన్నమ్మా" అని పిలుస్తాయి. ఆ పిలుపు విన్నప్పుడల్లా పోలయ్య తల దించుకుని, పెడల్ ఒకసారి తొక్కి చూసుకుంటాడు.

నీతి: చేతిలో ఉన్నది కొంచెమే అయితే ముందు ప్రాణం కాపాడేదానికి ఖర్చు పెట్టాలి. అదేదో తెలియకపోతే తెలిసినవాళ్లని అడగాలి, వాళ్లు మన పుస్తకం తినేసినవాళ్లైనా సరే.