పెళ్ళల కింద జొన్న మొలక

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున కాస్త ఎర్రమట్టి చేను. ఆ చేలో జొన్న వేసి పిల్లల్ని సాకేవాళ్ళు అడవిపంది కోరలయ్య, అతని పెళ్ళాం బురదమ్మ. ఆ ఏడు ఇంట్లో మిగిలింది ఒక్క బుట్ట విత్తనం. అది మొలిస్తే పిల్లలకు సంగటి. మొలవకపోతే పస్తు. ఇంత చిన్న సంగతి కోరలయ్య తలకెక్కలేదు. ఎందుకని నన్నడగకండి పిల్లలూ! మూతి అంత పొడుగున్నా బుర్ర మాత్రం వాడలేదు, అంతే.

తొలకరి వాన వెలిసీ వెలవక ముందే కోరలయ్య చేలో దిగాడు.

"ఏమయ్యా, కాలు పెడితే దిగబడుతోంది. మట్టిని కాస్త ఆరనీ" అంది బురదమ్మ.

"ఆరేలోపు పక్క చేను కుందేలు విత్తేస్తుందే! దానికంటే వెనకబడమంటావా?" అని కోరలయ్య బురదంతా మూతితో కుళ్ళగించాడు.

ఎండ కాసింది. ఆ బురద తలకాయలంత పెళ్ళలై గట్టిపడింది.

"వీటిని చితక్కొట్టి విత్తవయ్యా" అంది బురదమ్మ.

"గింజకు ఆమాత్రం దమ్ముండదా? అదే వస్తుంది!" అని సగం బుట్ట పెళ్ళల మీదే చల్లేశాడు.

కుందేలు చేను పచ్చబడింది. వీళ్ళ చేలో ఇక్కడొకటి, అక్కడొకటి. కోరలయ్య గింజను తిట్టాడు. చీమల్ని తిట్టాడు. ఆఖరికి మబ్బును కూడా తిట్టాడు. బురదమ్మ ఒక పెళ్ళను తిరగేసింది. కింద ఒక మొలక. పాలిపోయి, కొక్కెంలా వంగి, దారి దొరక్క చచ్చిపోయింది.

"ఇక చీమల్ని పిలిచి క్షమాపణ చెప్పు" అంది.

కోరలయ్య మిగతా సగం బుట్ట మీద చెయ్యి వేయబోయాడు. బురదమ్మ వెళ్ళి బుట్ట మీద కూర్చుంది.

"ఇది పిల్లల కడుపు. మట్టి గుల్లయ్యేదాకా లేవను."

మళ్ళీ వాన పడింది. ఈసారి నేల తగినంత ఆరాకే పెళ్ళలు చితక్కొట్టాడు, విత్తాడు. అక్కడితో ఆగాడా? లేదు! మట్టిని పిండి చేసి, పైన తొక్కి తొక్కి చదును చేశాడు. జడివాన కొట్టింది, ఎండ కాసింది, పైమట్టి పెనంలా అట్టకట్టింది.

"గుల్ల చెయ్యమంటే పిండి చేస్తావా? పైగా తొక్కుతావా? మధ్యలో ఆగడం నీ వంశంలోనే లేదా!" అని బురదమ్మ నెత్తి కొట్టుకుంది.

అట్ట అక్కడక్కడ ఉబ్బుతోంది. కింద మొలకలు నెత్తితో పొడుస్తున్నాయి. ఆమె రేగుకంప తెచ్చి అతని నడుముకు కట్టింది.

"చేనంతా లాగు. మెల్లగా! పరిగెత్తావంటే మొలకలు తెగుతాయి."

కోరలయ్య పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మెల్లగా నడిచాడు. అట్ట పొడిపొడి అయింది. మర్నాటికి మొలకలు సూదుల్లా పైకొచ్చాయి.

కానీ పోయిన సగం బుట్ట తిరిగి రాదు కదా. ఆ ఏడు సంగటి అందరికీ చాలలేదు. కోరలయ్య తన ముద్ద పిల్లల ఆకుల్లో పెట్టి, దుంపలు తవ్వుకోవడానికి లేచి వెళ్ళాడు. రోజూ దెప్పే బురదమ్మ ఆ పూట ఒక్క మాట కూడా అనలేదు. అది చూసి పిల్లలు బెదిరిపోయాయి.

నీతి: గింజను తిట్టే ముందు, అది పైకి రావడానికి మట్టిలో నువ్వు దారి ఇచ్చావో లేదో చూసుకో.