బూరుగు నెత్తిన ఓదార్పు కేంద్రం

కొండవాలున పక్షులకొక విశ్వవిద్యాలయం ఉండేది. దెబ్బతిన్న విద్యార్థులకి సాయం చెయ్యడానికి అందులో ఒక ఓదార్పు కేంద్రం ఉండేది. ఆ చుట్టుపక్కల అన్నిటికన్నా ఎత్తయిన బూరుగు చెట్టు నడినెత్తిన, పెద్ద తొర్రలో దాన్ని పెట్టారు. అంత ఎత్తున ఎందుకయ్యా అంటే, మాకు కనపడలేదని రేపెవరూ అనకుండా ఉండడానికట.

కేంద్రానికి గుమస్తా వడ్రంగిపిట్ట. పనంటే ప్రాణం పెట్టే రకం. ప్రతి నెలాఖరునా తొర్ర వాకిట, ముక్కు అందేంత మేరలో, చెట్టు మీద ఒక గుర్తు పెట్టడం అతని పని. ఫిర్యాదు వస్తే బెరడు మీద సన్నటి గీత. రాకపోతే గుండ్రటి రంధ్రం, అదీ జానెడు లోతున. ఈ పద్ధతి పెట్టింది రిజిస్ట్రారు చిలుక. ఫిర్యాదు వచ్చిన సంగతి ఎప్పటికైనా చెరిగిపోవచ్చు గానీ, రాలేదన్న సంగతి మాత్రం కలకాలం నిలవాలని దాని వాదన.

ఏడేళ్లు నిండడానికి ఇంకొక్క నెలే మిగిలింది. మాను చుట్టూ ఎనభైమూడు రంధ్రాలు పడ్డాయి. గీత ఒక్కటీ లేదు. అతిథులెవరొచ్చినా వడ్రంగిపిట్ట వాటిని తనే దగ్గరుండి చూపించి, పొంగిపోయేవాడు. ఇంత మంచి విశ్వవిద్యాలయం ఇంకెక్కడుంటుందని నిజంగానే నమ్మేవాడు.

ఫిర్యాదు ఇవ్వడానికి నియమం కూడా తేలికైనదే. బాధితులు స్వయంగా ఎగిరొచ్చి, తొర్ర ముందున్న కొమ్మ మీద కూర్చుని చెప్పుకోవాలి. అంతే.

ఆ యేడు మొట్టమొదటిసారిగా ఒక తీతువు పిట్ట చదువుకోడానికి చేరింది. తీతువులు నేల మీద బతికే జాతి. కొమ్మని పట్టుకుని కూర్చోడానికి కావలసినంత వెనకవేలు వాటికి ఉండదు. పాఠాలేమో కొమ్మల మీద జరుగుతాయి. అందుకని ఆ పిల్ల కింద రాళ్లలో నిలబడి, మెడ పైకెత్తి పాఠం వినేది. పైకి రావద్దని మేమెవరమూ అనలేదే అనేవారు అధ్యాపకులు. తీతువు గొంతు వింటే కీడని పేరుండడంతో సంగీతం తరగతిలో దాన్ని నోరు తెరవనిచ్చేవారు కాదు. పక్కన నిలబడే స్నేహితులూ దొరకలేదు.

ఒక ఎండపూట ఆ పిల్ల రాతితొట్టిలో నీళ్లు తాగింది. తొట్టి అందరిదీనని దాని గోడ మీద రాసే ఉంది. పైకొమ్మల వాళ్లు తాగాక మిగిలితేనే కిందివాళ్లు తాగాలన్నది ఎక్కడా రాసిలేని ఆనవాయితీ. కొత్తగా వచ్చిన పిల్ల కదా, రాసినదాన్ని నమ్మింది. ఎగురుడు జట్టు కెప్టెన్ డేగ పైనుంచి రాయిలా వచ్చి పడి, దాని ఎడమ రెక్క విరిచేసి వెళ్లాడు. చుట్టూ ఇరవైమంది ఉన్నారు. తర్వాత అడిగితే, ఆ వేళ కళ్లలో ఎండ కొట్టిందన్న ముక్క తప్ప వాళ్లకింకేమీ గుర్తు లేదు.

తీతువు రెక్క ఈడ్చుకుంటూ బూరుగు మొదటికి వచ్చింది.

"అన్నా, నా రెక్క విరిచేశారు. రాసుకో," అంది పైకి చూసి.

వడ్రంగిపిట్ట తొర్రలోంచి తొంగి చూశాడు. "పైకొచ్చి చెప్పాలమ్మా."

"రెక్క విరిగిందంటున్నాను కదన్నా."

అతను వెంటనే ఎగిరాడు. చిలుక దగ్గరికెళ్లి అడిగాడు. చిలుక కళ్లు మూసుకుని నియమావళి అప్పజెప్పింది. ఎగిరి రాగలిగితే రెక్క విరగనట్టే, కాబట్టి ఫిర్యాదుకి కారణం లేదు. ఎగిరి రాలేకపోతే ఫిర్యాదు అందనట్టే, కాబట్టి విచారణకి ఆధారం లేదు. నియమం ఎంత పకడ్బందీగా ఉందో అని వడ్రంగిపిట్ట ముచ్చటపడ్డాడు. ఆ పూట మాత్రం చీమలు అతనికి గొంతు దిగలేదు.

ఆ పిల్లకి వ్యవధి ఎక్కువ లేదు. పున్నమికి ఎగురుడు పరీక్ష. ఎగరలేనివాళ్ల పేరు ఆ మర్నాడే కొట్టేస్తారు. ఫిర్యాదు నమోదైతే వైద్యుడు వచ్చి రెక్క కట్టి తీరాలి, నయమయ్యేదాకా పరీక్ష వాయిదా వేసి తీరాలి. అంటే ఆ పిల్ల చదువంతా బెరడు మీద పడే ఒక్క గీత మీద ఆధారపడి ఉంది. రోజూ పొద్దున్నే వచ్చి చెట్టు మొదట్లో నిలబడేది. వడ్రంగిపిట్ట రోజూ నియమం చెప్పేవాడు. ఎవరూ చూడకుండా రెండు పురుగులు కిందికి జారవిడిచి, తనది జాలిగుండె అనుకుని తృప్తిపడేవాడు.

ఆఖరికి ఉండబట్టలేక కులపతి చెవిన వేశాడు. కులపతి గుడ్లగూబ మహా పండితుడు. పగలు ఆయనకి కళ్లు సరిగ్గా ఆనవు, అందుచేత పగలు జరిగే ఘోరాలేవీ ఆయన దృష్టికి రావు. విషయం విని ఎంతో బాధపడి, వెంటనే ఒక సంఘం వేశాడు. సంఘంలో ఆయన, చిలుక, డేగ మేనమామ ఉన్నారు. చిలుక పాఠ్యపుస్తకం తెరిచి చదివింది. తీతువులు శత్రువు కంటబడితే రెక్క విరిగినట్టు నటిస్తాయని అందులో స్పష్టంగా ఉంది. సంఘం సమావేశం అక్కడితో ముగిసింది.

వడ్రంగిపిట్ట ఆ సంగతి కిందికి మోసుకొచ్చాడు. తీతువు విరిగిన రెక్క వైపు చూసుకుంది.

"మావాళ్లు నటించే మాట నిజమే," అంది. "గూటి దగ్గరికి గద్దొస్తే, పిల్లల్ని వదిలి తమ వెంటపడాలని అలా చేస్తారు. నాకు పిల్లల్లేరు, గూడు లేదు. ఎవర్ని కాపాడదామని నటిస్తానన్నా?"

అతను పైకెగిరిపోయాడు. ఆ పిల్ల చెప్పింది నిజమని అతనికి మొదటిరోజు నుంచీ తెలుసు. తెలిసినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

విశ్వవిద్యాలయం మాత్రం చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఓదార్పు వారోత్సవాలు జరిపింది. కోకిలలు ఓదార్పు గీతం పాడాయి. 'మీ వెంటే మేమున్నాం' అని ఆకుల మీద రాయించి, చెట్టు పైనుంచి కరపత్రాలు వదిలారు. వాటిలో ఒకటి సరిగ్గా వచ్చి విరిగిన రెక్క మీద పడింది.

వారోత్సవాల ముగింపు పున్నమి ముందురోజు సాయంత్రం. ఎనభైనాలుగో రంధ్రం అతిథుల సమక్షంలో పొడవాలి. కొమ్మలన్నీ పక్షులతో నిండిపోయాయి. తొర్రలో కులపతి ఆసీనుడయ్యాడు. ముందువరసలో డేగ కూర్చున్నాడు, క్రమశిక్షణకి ఇచ్చే పతకం ఆ యేడు అతనికే మరి. కింద, చెట్టు మొదట్లో, తీతువు ఎప్పటిలాగే నిలబడి ఉంది.

మాను చుట్టూ ఇక మిగిలింది అరచేతి వెడల్పు బెరడు. వడ్రంగిపిట్ట ముక్కుతో తట్టి చూశాడు. లోపలంతా డొల్లగా మోగింది. బూరుగు అసలే మెత్తటి కర్ర. అతను తొర్రలోకి తల వంచాడు.

"అయ్యగారూ," అన్నాడు మెల్లిగా, "ఇంకో రంధ్రం పొడిస్తే చెట్టు ఆగదు. గీతైతే ఏమీ కాదు. కిందనున్న పిల్లది రాసి, గీత పెట్టెయ్యమంటారా?"

"కిందనుంచి వచ్చేది అరుపు. ఫిర్యాదు కాదు," అన్నాడు కులపతి. "ఏడేళ్ల పేరు ఒక్క గీతతో పాడుచేస్తావా? పొడు."

వడ్రంగిపిట్ట కిందికి చూశాడు. ఆ పిల్ల పైకే చూస్తోంది. గీత పెట్టాలని ముక్కు ఎత్తాడు. కులపతి దగ్గాడు. ఏడేళ్ల ఉద్యోగం కళ్ల ముందు మెదిలింది. ముక్కు దించి రంధ్రం పొడిచాడు.

చప్పట్లు మొదలయ్యాయి గానీ పూర్తికాలేదు. ఎనభైనాలుగు రంధ్రాలూ ఒక్కసారి పెళపెళమన్నాయి. బూరుగు నెత్తి తొర్రతో సహా విరిగి, తీతువు నిలబడ్డ చోటికి అవతలి పక్కన నేలకూలింది. పక్షులన్నీ లేచిపోయాయి, అందరికన్నా ముందు కెప్టెన్ డేగ. తొర్రలో కూర్చున్న కులపతికి మాత్రం బయటపడే దారి లేకపోయింది.

దుమ్ము అణిగాక వడ్రంగిపిట్ట కిందికి దిగాడు. విరిగిన కొమ్మల పక్కనించి తీతువు నడిచొచ్చింది.

"కేంద్రమే కిందికొచ్చింది కదన్నా. ఇప్పుడు చెప్పుకోవచ్చా?"

కొమ్మ కిందనుంచి మూలుగు వినపడింది. కులపతి ఎలాగో బయటికి పాక్కుంటూ వచ్చాడు. కుడి రెక్క వేలాడుతోంది. "నా రెక్క విరిగింది. గుమస్తా, ముందు నాది రాయి."

అలవాటు కొద్దీ వడ్రంగిపిట్ట అటు తిరిగాడు. తిరిగి, ఆగిపోయాడు.

"అయ్యగారూ, ఆ పిల్ల మీకన్నా చాలా ముందొచ్చింది," అన్నాడు.

తీతువు వైపు వెళ్లి, "ఎక్కడమ్మా నొప్పి?" అని అడిగాడు. ఏడేళ్లలో ఎవర్నీ ఆ మాట అడగలేదని అప్పుడు గుర్తొచ్చి, సిగ్గుతో అతని మెడ వంగిపోయింది. ఆ పిల్ల తొట్టి సంగతి, డేగ సంగతి, చూసిన ఇరవైమంది సంగతి వరసగా చెప్పింది. నిలబడి ఉన్న మొద్దు మీద, నేలకి జానెడెత్తున, ఎవరూ ముట్టని బెరడుంది. అక్కడ అతను గీత పెట్టాడు. ఇక వైద్యుడు రాక తప్పదు, రేపటి పరీక్ష ఆగకా తప్పదు.

దూరంగా చింతచెట్టు మీంచి చిలుక ఇదంతా చూస్తోంది. మసక వెలుతురులో దానికి నేల మీద రెక్కలు వేలాడేసుకున్న రెండు ఆకారాలు తప్ప ఇంకేమీ తెలియలేదు. పుస్తకం తెరిచి, "నటన, ఇద్దరిదీ నటన," అని అందరికీ వినపడేలా చదివింది. తీతువు పక్కన నిలబడితే కీడని, సాయానికి ఒక్క పక్షీ దిగి రాలేదు.

కులపతి తల పైకెత్తి చెట్లన్నిటి వైపూ చూశాడు. "నేను నటించడం లేదు," అన్నాడు. ఆ గొంతు ఆయనకే కొత్తగా ఉంది.

"తెలుసండీ," అంది తీతువు. "నేను నమ్ముతాను."

అని కాస్త పక్కకి జరిగి, వరసలో తన వెనక ఆయనకి చోటిచ్చింది.